విరిగిన ఎముకకు మూడు దారులు

గూడూరు జంక్షన్ నుంచి రైలు పట్టాలు మూడు వైపులకు పోతాయి. ఉత్తరాన నెల్లూరు మీదుగా విజయవాడకు ఒకటి, దక్షిణాన సూళ్లూరుపేట దాటి చెన్నైకి ఒకటి. పడమటి వైపు పట్టా వెంకటగిరి, శ్రీకాళహస్తి, రేణిగుంట, తిరుపతి, పాకాల, చిత్తూరు తగులుతూ కాట్పాడి చేరుతుంది. కాలో చెయ్యో విరిగినవాళ్లకు ఈ పట్టణం పెద్దలు చెప్పే ఊళ్లూ మూడే. కట్టుకు పుత్తూరు, ఆపరేషన్‌కు రాయవేలూరు, ఎవరికీ అంతుబట్టకపోతే మద్రాసు. రేణిగుంటలో దిగి అరక్కోణం రైలెక్కితే పుత్తూరు. కాట్పాడి దాకా కూర్చుంటే రాయవేలూరు ఆసుపత్రి. దక్షిణం బండి ఎక్కితే మద్రాసు జనరల్ ఆసుపత్రి, సెంట్రల్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దగ్గర.

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లాలో కలిసేదాకా గూడూరు నెల్లూరు జిల్లాలో ఉండేది. చుట్టుపక్కల సైదాపురం, కాలిచేడు వైపు మైకా గనులు, పల్లెల్లో తాటిచెట్లు, రోడ్ల మీద ఎడ్లబళ్లు. ఎముకలు విరగడానికి కారణాలకు ఎప్పుడూ కొరవ లేదు. ఈ కారణాలన్నీ కంటికి కనిపించేవే. చెట్టు మీంచి పడ్డాడు, బండి బోల్తా కొట్టింది, రాయి దొర్లింది. కాని ఏమీ జరగకుండానే, మెట్టు దిగుతూనో బిందె ఎత్తుతూనో ఎముక పుటుక్కున విరిగిన మనిషి కూడా అప్పుడప్పుడు ఆ బళ్లలోనే వచ్చేవాడు. వైద్యుల్ని తరతరాలుగా తికమక పెట్టింది ఆ మనిషే. అతని ఎముక లోపల కణితి ఉండేది.

పుత్తూరు కట్టు చరిత్ర కణితి దగ్గర మొదలు కాలేదు, కుందేలు దగ్గర మొదలైందంటారు. పుత్తూరు పక్కనున్న రాచపాళెంలోని రాజుల కుటుంబం 19వ శతాబ్దం చివరి నుంచి ఈ కట్టు కడుతోంది. ఆ కుటుంబం పూర్వీకుడొకరు వేటకు వెళ్లి కుందేలును కొట్టారట. కాళ్లు విరిగిన కుందేలును చేతికి దొరికిన ఆకుల్లో చుట్టి ఇంటికి తెచ్చారట. మూట విప్పేసరికి అది లేచి పరుగు తీసిందట. ఏ ఆకుల్లో చుట్టామా అని వెనక్కి వెళ్లి వెతికితే వైద్యం దొరికిందని చెప్పుకుంటారు. విరిగిన ఎముక అంత తొందరగా అతకదు కాబట్టి దీన్ని కథగానే వినాలి. ఆ కథ వెనకాల ఉన్న పనితనం మాత్రం నిజం.

మూలికల పసరు, కోడిగుడ్డు తెల్లసొన, నూలుగుడ్డ, వెదురుబద్దలు. పుత్తూరు కట్టుకు కావలసినవి ఇవే. కట్టేవాడు ముందు వేళ్లతో విరుపును తడిమి చూస్తాడు. ఎముక కొనల్ని లాగి సరిచేసి, పసరు పట్టించి, గుడ్డ చుట్టి, బద్దలు పెట్టి బిగిస్తాడు. ఆరిన తెల్లసొన గుడ్డను అట్టలా గట్టిపరుస్తుంది. పల్లెటూరి రైతుకు ఇందులో రెండు సుఖాలు ఉన్నాయి. మత్తు లేదు, మంచం పట్టాల్సిన పని లేదు. కట్టు కట్టించుకుని సాయంత్రం బండికి ఇంటికి పోవచ్చు. అందుకే పేరు జిల్లా సరిహద్దులు దాటింది. హైదరాబాద్, చెన్నై వీధుల్లో కూడా ‘పుత్తూరు కట్టు’ అని బోర్డులు కనిపిస్తాయి. ఆ బోర్డు పెట్టిన అందరికీ రాచపాళెంతో చుట్టరికం ఉందనుకోనక్కర్లేదు.

ఈ పద్ధతి పాతదనం రాచపాళెంతో ఆగదు. విరుపుల్ని పన్నెండు రకాలుగా, కీలు తప్పడాన్ని ఆరు రకాలుగా విడదీసి చెప్పింది సుశ్రుత సంహిత. రావి, మోదుగ, మద్ది, మర్రి లాంటి చెట్ల బెరడును, వెదురును బద్దలుగా వాడమంది. కట్టు విప్పి మళ్లీ కట్టడానికి కూడా లెక్క చెప్పింది. చలికాలంలో ఏడు రోజులకోసారి, మామూలు రోజుల్లో ఐదు రోజులకు, ఎండాకాలంలో మూడు రోజులకు. పడుచువాడి ఎముక నెలలో అతికితే నడివయసు వాడికి రెండు నెలలు, ముసలివాడికి మూడు నెలలు పడుతుందని కూడా అందులో ఉంది. తొడ, నడుము విరిగినవాణ్ణి పలక మీద పడుకోబెట్టి, మేకులు దిగ్గొట్టి కదలకుండా కట్టే ఏర్పాటునూ వర్ణించింది.

విరిగిన ఎముక తనంతట తాను అతుకుతుంది. చుట్టూ రక్తం గడ్డకట్టి, అందులో మెత్తని కొత్త ఎముక పుట్టి, కొన్ని వారాల్లో గట్టిపడుతుంది. వైద్యుడు చేయాల్సింది కొనలు సరిగ్గా కలపడం, అవి కదలకుండా చూడడం. 1850ల మొదట్లో డచ్చి సైన్యంలో పనిచేసిన ఆంటోనియస్ మాథైసెన్ గుడ్డకు జిప్సం పొడి రుద్ది, నీళ్లలో తడిపి చుట్టే పిండికట్టును పరిచయం చేశాడు. సూత్రం మాత్రం మారలేదు. రాచపాళెం తెల్లసొన చేసే పనినే మాథైసెన్ జిప్సం ఇంకాస్త గట్టిగా చేసింది. పిండికట్టయినా, వెదురుకట్టయినా ఒక నమ్మకం మీదే నిలుస్తుంది. లోపలి ఎముక ఆరోగ్యంగా ఉందని.

కణితి ఉన్న ఎముకలో ఆ నమ్మకం చెల్లదు. విరిగిన కొనల మధ్య ఉన్నది అతికే ఎముక కాదు, ఎముకను తినేస్తున్న కండ. పైగా లాగడం, తడమడం, నూనె రాసి మర్దనా చేయడం వల్ల ప్రమాదకరమైన కణితి కణాలు రక్తంలోకి చెదిరే ముప్పు ఉంది. కట్టు కింద వాపు తగ్గలేదంటే, రాత్రిపూట నొప్పి పెరిగిందంటే ‘ఇంకో కట్టు పడాలి’ అనుకునేవాళ్లు. రెండు మూడు కట్లు గడిచేసరికి విలువైన నెలలు చేజారేవి.

లోపల ఏముందో చూసే కన్ను 1895 నవంబరు 8న జర్మనీలో తెరుచుకుంది. విల్‌హెల్మ్ రోంట్‌జెన్ ఎక్స్‌కిరణాలను కనిపెట్టాడు. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో 1934 నాటికి ఎక్స్‌రేకు ప్రత్యేక సంస్థే వెలిసింది. దానికి నాయకుడైన టి. డబ్ల్యూ. బర్నార్డ్ పేరు మీద అది బర్నార్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రేడియాలజీ అయింది. ఆ ఎక్స్‌రేల కింద మొదట సంచలనం రేపిన ఎముకల్లో నెల్లూరు జిల్లా రైతులవీ ఉన్నాయి. వెన్ను కొయ్యబారి, మెడ తిప్పలేక, కీళ్లు బిగుసుకుపోయిన మనుషులు అప్పటి నెల్లూరు జిల్లా మెట్ట ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు. షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ కలిసి 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో దీనికి కారణం బావినీళ్లలోని ఫ్లోరైడ్ అని రాశారు. మనుషుల్లో ఫ్లోరోసిస్ గురించి మన దేశం నుంచి వెలువడిన తొలి వివరమైన నివేదికల్లో అది ఒకటి. అది కణితుల కథ కాకపోయినా, ఎముక వ్యాధిని చేత్తో తడిమి కాక ఫిల్ము మీద చదవడం ఈ ప్రాంతపు ఎముకలతోనే మద్రాసు నేర్చుకుంది.

కణితుల విషయంలో ఫిల్ము ఒక్కటే చాలదు. ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూడాలి, ఆ తర్వాత రోగికి ఏమైందో ఏళ్ల తరబడి రాసిపెట్టుకోవాలి. బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్‌మన్ 1920లో ఎముక క్యాన్సర్లకు ఒక రిజిస్టర్ మొదలుపెట్టి, అమెరికా నలుమూలల సర్జన్ల నుంచి ఎక్స్‌రేలు, స్లైడ్లు, రోగుల చరిత్రలు తెప్పించాడు. మరుసటి ఏడు జేమ్స్ యూయింగ్ పిల్లల్లో వచ్చే ఒక ఎముక క్యాన్సర్‌ను వేరుచేసి చూపించాడు. ఇప్పటికీ అది అతని పేరుతోనే ఉంది. ఎముక కణితులన్నీ ఒకే జబ్బు కావన్న సంగతి ఇలా తేలింది. కొన్ని ప్రాణం తీస్తాయి, కొన్ని కీలును మాత్రమే తింటాయి. కోయడానికి ముందు ఏది ఏదో తెలుసుకోకపోతే కత్తి రెండు విధాలుగానూ తప్పు చేస్తుంది.

రెండో రకం కణితికి తెలుగు నేలతో ఒక విచిత్రమైన బంధం ఉంది. జెయింట్ సెల్ ట్యూమర్ అనే ఈ కణితిని 1818లోనే లండన్ సర్జన్ ఆస్ట్లీ కూపర్ వర్ణించాడు. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్యవాళ్లకు, మోకాలి దగ్గరో మణికట్టు దగ్గరో వస్తుంది. చాలావరకు ప్రాణాంతకం కాదు. అయితే ఎముక చివరను లోపలినుంచి డొల్ల చేసి, పెంకును పల్చబరిచి, ఒకనాడు విరగ్గొడుతుంది. పాశ్చాత్య దేశాల్లో ఎముకల్లోనే పుట్టే కణితుల్లో ఇది 5 శాతం దగ్గర ఉంటే, చైనాలోనూ దక్షిణ భారతంలోనూ 20 శాతం దాకా ఉంటుందని పుస్తకాలు రాస్తాయి. కొన్ని ఆంధ్రప్రదేశ్ పేరునే ప్రత్యేకంగా చెబుతాయి. 1974లో సి. ఆర్. రెడ్డి, పి. ఎస్. రావు, కె. రాజకుమారి అమెరికాలోని జర్నల్ ఆఫ్ బోన్ అండ్ జాయింట్ సర్జరీలో దక్షిణ భారతంలోని జెయింట్ సెల్ ట్యూమర్ల మీద వ్యాసం ప్రచురించారు. ఆ తర్వాత ఈ కణితి మీద రాసిన విదేశీయులు ఆ తెలుగు పేర్లను ఉటంకిస్తూ వచ్చారు.

దీనికి సర్జన్లు వాడిన మొదటి ఆయుధం గీకుడు. కణితికి కిటికీ కోసి, లోపలిదంతా గరిటెలాంటి పరికరంతో గీకి తీసి, తుంటి నుంచి తెచ్చిన ఎముక ముక్కలతో నింపేవాళ్లు. చాలామందికి అది మళ్లీ వచ్చేది. 1976లో పెర్సన్, వూటర్స్ అనే సర్జన్లు ఖాళీని ఎముక సిమెంటుతో నింపి చూపించారు. గట్టిపడేటప్పుడు సిమెంటు వేడెక్కి గోడల్లో మిగిలిన కణాల్ని చంపుతుంది. ఆ క్షణం నుంచే బరువూ మోస్తుంది. మళ్లీ కణితి పుడితే ఎక్స్‌రేలో సిమెంటు అంచున నల్లటి గీతగా పట్టుబడుతుంది కూడా. మణికట్టు దగ్గర ఎముక పూర్తిగా పాడైతే ఇంకో ఉపాయం ఉంది. మోకాలి పక్కనున్న సన్నని పిల్ల ఎముక పైభాగాన్ని తీసి మణికట్టులో అమర్చుతారు. దాని తల ఆకారం మణికట్టు ఎముక చివరకు దగ్గరగా ఉంటుంది. ఆ ముక్క తీసినా కాలు నడక చెడదు.

ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ సంగతి వేరు. అది పదేళ్లు దాటిన పిల్లలకు, మోకాలి చుట్టూ, ఎదిగే వయసులో వస్తుంది. ఆటలో తగిలిన దెబ్బ అనుకుని ఇంట్లోవాళ్లు నూనె రాస్తారు. తెలిశాక ఒకటే మార్గం ఉండేది, తొడ పైనుంచి కాలు తీసేయడం. తీసేసినా లాభం కొంతే. 1970ల ముందు కాలు తీసిన వాళ్లలో ఐదేళ్లు బతికినవాళ్లు ఐదుగురిలో ఒకరు. శస్త్రచికిత్స నాటికే కంటికి కనపడని కణాలు ఊపిరితిత్తుల్లో చేరిపోయి ఉండేవి. కత్తికి అందని చోటుకు చేరే మందు కావలసి వచ్చింది.

ఆ మందు మూలాలు వెతికితే భీమవరం తగులుతుంది. 1895లో అక్కడ పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు మెడికల్ కాలేజీలో చదివాడు. ఖద్దరు కోటు తొడుక్కుని ఆపరేషన్ గదికి వెళ్లినందుకు సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు కంటగింపు అయ్యాడు. పూర్తి ఎంబీబీఎస్‌కు బదులు ఎల్‌.ఎం.ఎస్‌. చేతికి వచ్చింది. 1920ల్లో అమెరికా వెళ్లి, లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనకు డైరెక్టరయ్యాడు. ఫోలిక్ ఆమ్లానికి పోలికలున్న, దాని పనిని అడ్డుకునే మందులు ఆయన బృందం తయారుచేసింది. వాటిలో అమినాప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ 1940ల చివర బోస్టన్‌లో రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చాడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్. 1948లో సుబ్బారావు కన్నుమూశాడు.

1970ల మొదట్లో అదే బోస్టన్‌లో నార్మన్ జాఫే, ఆయన సహచరులు మెథోట్రెక్సేట్‌ను మనిషి తట్టుకోలేనంత మోతాదులో ఇచ్చి, కొన్ని గంటల తర్వాత విరుగుడు మందుతో ఆరోగ్యకరమైన కణాల్ని కాపాడుతూ ఆస్టియోసార్కోమా మీద ప్రయోగించారు. డాక్సోరూబిసిన్ అనే ఇంకో మందు తోడయింది. ఆ తర్వాతి దశాబ్దంలో బతికేవాళ్లు మూడింట రెండు వంతుల దాకా పెరిగారు. ఆపరేషన్ ముందే మందు ఇస్తే కణితి ముడుచుకుని అంచులు తేలేవి. కాలు ఉంచి కణితిని మాత్రమే తీయడం అప్పుడే సాధ్యమైంది. సర్జరీ ప్రొఫెసర్‌కు కంటగింపైన తెలుగువాడి మందు, సర్జన్ల చేతిలోంచి కాళ్లు తెగ్గొట్టే రంపాన్ని చాలావరకు పక్కన పెట్టించింది.

తీసిన ఎముక స్థానంలో ఏం పెట్టాలి? దీనికి జవాబు కూడా ఒక కణితి, ఒక విరుపు కలిసిన మనిషి నుంచే వచ్చింది. 1940లో అమెరికన్ సర్జన్లు ఆస్టిన్ మూర్, హెరాల్డ్ బోల్‌మన్ ఒక రోగి తొడ ఎముక పైభాగాన్ని జెయింట్ సెల్ ట్యూమర్ వల్ల తీసేసి, సుమారు అడుగు పొడవున్న వైటాలియం లోహపు ఎముకను బోల్టులతో బిగించారు. ఈ రోజు ఊరూరా చేస్తున్న తుంటి మార్పిడి ఆపరేషన్ల పూర్వీకుల్లో అదొకటి.

విదేశాల్లో చేసే ఇలాంటి లోహపు ఎముకల ధర మన రోగికి అందేది కాదు. మద్రాసులో డాక్టర్ మయిల్‌వాహనన్ నటరాజన్ 1980ల చివర్లో రోగి కొలతలు తీసుకుని, ఇక్కడే లోహపు ఎముకలు చేయించి అమర్చడం మొదలుపెట్టారు. తొడ ఎముక కింది సగం, మోకాలు, కాలి ఎముక పైభాగం కలిపి ఒకే పరికరం. ఎక్స్‌రే మీద స్కేలు పెట్టి కొలిచిన పొడవుకు తగ్గట్టు దాన్ని చేయించాలి, అది వచ్చేదాకా రోగి మందుల మీద ఉండాలి. 1954లో డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి చొరవతో అడయారులో తెరుచుకున్న క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ అప్పటికే దక్షిణాది మందుల చికిత్సకు పెద్ద కేంద్రంగా ఎదిగి ఉంది. గూడూరు నుంచి ఉదయం బండికి వెళ్లి రాత్రికి తిరిగివచ్చే దూరంలో ఈ రెండు విద్యలూ దొరికాయి.

రాయవేలూరు దారి ఇంకొక సంగతి నేర్పింది. ఐడా స్కడర్ 1900లో ఒకే మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల క్రిస్టియన్ మెడికల్ కాలేజీగా పెరిగింది. 1946లో వచ్చిన పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల చేతుల్ని, కాళ్లను సరిచేసే శస్త్రచికిత్సకు ప్రపంచానికి దారి చూపాడు. ఆయన శిష్యురాలు మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో నడుము కిందిభాగం చచ్చుబడినా చక్రాల కుర్చీలోంచే ఆపరేషన్లు చేసింది. 1966లో అక్కడ పునరావాస కేంద్రం వెలియడానికి ఆమే కారణం. కాలు తీయక తప్పనివాళ్లకు ఆపరేషన్ తర్వాత మిగిలిన జీవితం కూడా వైద్యంలో భాగమేనని ఆ ఆసుపత్రి దక్షిణాదికి చూపించింది. 1968లో జైపూర్‌లో పి. కె. సేఠీ, రామచంద్ర శర్మ రూపొందించిన రబ్బరు పాదంతో చెప్పులు లేకుండా పొలంగట్టు మీద నడవడం, చాప మీద కూర్చోవడం కుదిరాయి.

కట్టు కట్టేవాణ్ణి తప్పుపట్టడం తేలిక. ఆపరేషన్ గదిలోనూ అదే పొరపాటు జరగవచ్చు. జర్మన్ సర్జన్ గెర్‌హార్డ్ కుంట్‌షర్ 1940 ప్రాంతంలో ఎముక మూలుగ గుండా లోహపు కడ్డీ దింపే పద్ధతి తెచ్చాడు. ‘రాడ్ వేశారు’ అని మన ఊళ్లలో చెప్పుకునేది దాన్నే. తొడ విరిగినవాడు వారాల తరబడి బరువులు వేలాడదీసుకుని మంచం మీద ఉండాల్సిన గతి దీంతో తప్పింది. కాని విరుపు వెనక ఆస్టియోసార్కోమా ఉందని గమనించకుండా రాడ్ వేస్తే, ఆ కడ్డీ కణితి కణాల్ని మూలుగ పొడవునా పూస్తుంది. తీయాల్సింది నాలుగు అంగుళాలు కాక మొత్తం ఎముకే అవుతుంది. ముక్క పరీక్షకు గాటు తప్పుచోట పెట్టినా అంతే. తర్వాత ఆపరేషన్ చేసే సర్జనే ఆ గాటు ఎక్కడ పడాలో నిర్ణయించాలన్నది అందుకే ఈ రంగంలో మొదటి నియమం.

కణితి వల్ల ఎముక విరిగిందంటే కాలు తీయాల్సిందేనని చాలాకాలం అనుకున్నారు. విరుపులోంచి కారిన రక్తం కణాల్ని చుట్టూ కండల్లోకి చెదరగొడుతుందన్నది వాదన. మందుల కాలం వచ్చాక ఆ నియమం సడలింది. విరిగిన కాలును కదలకుండా ఉంచి, కీమో ఇస్తే, చాలామందికి విరుపు అతుక్కుంటుంది, కణితి ముడుచుకుంటుంది. ఆ తర్వాత కాలు దక్కించే ఆపరేషన్ చేస్తున్నారు.

నడివయసు దాటాక ఎముకల్లో కనిపించే కణితులు చాలావరకు అక్కడ పుట్టినవి కావు. రొమ్ము, ఊపిరితిత్తి, ప్రొస్టేట్, థైరాయిడ్, మూత్రపిండం నుంచి వలస వచ్చినవి. ఇక్కడ సర్జన్ లక్ష్యం వేరు. మనిషి మిగిలిన రోజులు నొప్పి లేకుండా నడవాలి. అందుకే విరిగాక కాదు, విరగబోయే ముందే రాడ్ వేస్తారు. ఎప్పుడు వేయాలో తేల్చడానికి 1989లో హిల్టన్ మిరెల్స్ నాలుగు అంశాల లెక్క ఇచ్చాడు. కణితి ఏ ఎముకలో ఉంది, నొప్పి ఎంత, ఎముకను తింటోందా పెంచుతోందా, మందంలో ఎంత భాగం పోయింది. ఒక్కోదానికి ఒకటి నుంచి మూడు మార్కులు. పన్నెండుకు తొమ్మిది వస్తే ఆగకూడదు.

దూరాలు కూడా తగ్గుతూ వచ్చాయి. తిరుపతిలో 1960లో శ్రీ వేంకటేశ్వర మెడికల్ కాలేజీ వచ్చింది. దానికి అనుబంధమైన రుయా ఆసుపత్రి, తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే బర్డ్, స్విమ్స్ ఆసుపత్రులు ఒకే పట్టణంలో కుదురుకున్నాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, క్యాన్సర్ శస్త్రచికిత్స ఖర్చును పేద కుటుంబాల నెత్తి మీంచి దించింది. టాటా ట్రస్టుల తోడ్పాటుతో కట్టిన క్యాన్సర్ ఆసుపత్రిని 2022 మేలో అలిపిరి దగ్గర ప్రారంభించారు. గూడూరువాళ్లకు ఇప్పుడు రేణిగుంట దాటగానే అన్నీ ఉన్నాయి. పుత్తూరు కట్టూ ఆగలేదు. ఎక్స్‌రే ఫిల్ము చేతపట్టుకుని అక్కడికి వెళ్లేవాళ్లు చాలామంది.

తెలుగువాళ్లలో ఎక్కువగా కనిపించే జెయింట్ సెల్ ట్యూమర్ మీద మాత్రం సర్జన్ల వాదన ఇంకా తెగలేదు. 2013లో అమెరికా అనుమతి ఇచ్చిన డెనోసుమాబ్ అనే సూదిమందు, ఎముకను తినే పెద్ద కణాలకు వచ్చే పిలుపును ఆపేస్తుంది. నొప్పి తగ్గుతుంది, పెంకు గట్టిపడుతుంది, చేతికి అందనంత పెరిగిన కణితులు ఆపరేషన్‌కు లొంగుతాయి. అయితే మందు ఇచ్చాక గీకి తీసిన చోట కణితి మళ్లీ రావడం ఎక్కువగా ఉందని పలు దేశాల ఆసుపత్రులు గమనించాయి. గట్టిపడ్డ కొత్త ఎముకలో దాక్కున్న కణాలు గరిటెకు అందవన్నది ఒక వివరణ. అందుకని కొందరు సర్జన్లు ఆ మందును వెన్నెముక, కటి లాంటి చోట్లకే పరిమితం చేసి, మోకాలి కణితులకు పాత గీకుడునూ సిమెంటునూ వాడుతున్నారు. ఇంకొందరు ఆపరేషన్‌కు ముందు రెండు మూడు డోసులకు మించి ఇవ్వడం లేదు.